ఎండయు, కండయు, డి విటమినును
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి సమర్పించిన ఉపన్యాసము)



స్మారకోపన్యాసమునకు పిలుపు నందుకొన్నవారిలో కొందరు దివంగతుని గుణగణములను కీర్తించి కూర్చుందురు; కొందరు మొదట నొకసారి ఆయన పేరు తలచి, పిదప తమకు నచ్చిన విషయమును చెప్పుకొని పోవుదురు. సుబ్బారావుగారి పట్ల ఈ రెండు మార్గములును నాకు సమ్మతములు కావు. ఆయన పని నేటికిని మన చేతులలో నడచుచున్నది గనుక, ఆ పనినుండియే పుట్టి, నేటి యువజనుల నిత్యజీవితము వరకు వచ్చి నిలిచిన యొక ప్రశ్నను మీ ముందు పెట్టుచున్నాను. ఆరోగ్యవంతులై, పరుగో, కసరత్తో, ఆటో ప్రతిదినము సాధన చేయు యువతీయువకులకు డి విటమిను నిచ్చినచో వారి వేగము, బలము, ఓర్పు పెరుగునా? మందుల అంగడివారు పెరుగుననుచున్నారు. వ్యాయామశాలలోని శిక్షకులును పెరుగుననుచున్నారు. పరీక్షించి చూచినవారి లెక్కలు ఏమనుచున్నవో విచారింతము.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, పిమ్మట బోస్టను చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే ప్రయోగశాలయందు కుదురుకొనిరి. వారిరువురును 1925లో ప్రకటించిన పద్ధతి రక్తమందలి ఫాస్ఫరసును కొలుచుటకు ఉద్దేశించినది. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేటకు మాలిబ్డేటును, క్షయకరణ ద్రవ్యము నొకదానిని చేర్చినచో నీలివర్ణము పుట్టును. ఆ నీలిమ యెంత చిక్కనైన ఫాస్ఫరసు అంత యెక్కువ. రికెట్స్ సోకిన బిడ్డల రక్తములో ఫాస్ఫరసు తగ్గియుండునని అప్పటికే తెలిసియుండుటచేత, ఈ సులభమైన కొలత వైద్యులకు వెంటనే అక్కరకు వచ్చెను. అయితే అదే పద్ధతిని కండకు వర్తింపజేసినప్పుడు రంగు రావలసిన వేళకు రాక, నిమిషములు గడచిన కొలది మెల్లమెల్లగా చిక్కబడసాగెను. తొందరపాటు గలవాడు దానిని ద్రావకముల దోషమని పారబోసి మరల మొదలుపెట్టి యుండును. వీరు ఆ ఆలస్యమునకే కారణము వెదకిరి. కండలోని ఫాస్ఫరసులో అధికభాగము క్రియాటిన్‌తో కట్టుబడి యున్నదనియు, పరీక్షాద్రావకములోని ఆమ్లము తగిలి అది కొంచెము కొంచెముగా విడివడుచున్నదనియు, రంగు ఆలస్యమగుటకు అదియే హేతువనియు తేలెను. కండశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని విద్వాంసులు నమ్ముచున్న కాలమున, 1927లో, ఫాస్ఫోక్రియాటిన్ ఈ విధముగా వెలికి వచ్చెను. 1929లో వారిరువురే కండనుండి ఏ.టి.పి.ని వేరుచేసిరి; జర్మనీలో లోమన్ అనునతడును అదే యేట దానిని కనుగొనెను. ఎముకల జబ్బును పట్టుకొనుటకు పుట్టిన కొలత కండశక్తి మూలమును బయటపెట్టినది. ఎముకకును కండకును నడుమ డి విటమిను నిర్వహించు పాత్రను విచారించునప్పుడు సుబ్బారావుగారిని తలచుటకు ఇంతకంటె తగిన హేతువు వేరొకటి యక్కరలేదు.

ఇక విటమిను కథ. పొగ కమ్మిన ఐరోపా నగరములలో, ఎండ సోకని ఇరుకు సందులలో పెరిగిన బిడ్డల కాళ్ళు వంకరలు తిరిగి, మణికట్లు ఉబ్బి, రొమ్ముటెముకలు ముందుకు పొడుచుకొని వచ్చుచుండెడివి. 1919లో ఇంగ్లండున ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే యుంచి, గంజి ప్రధానమైన తిండి పెట్టి వానికి రికెట్స్ కలిగించి, కాడ్ చేపనూనెతో నయము చేసి చూపెను. అదే సంవత్సరమున బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు తిండి జోలికి పోకుండ, పాదరస దీపపు అతినీలలోహిత కాంతితోనే బిడ్డలను బాగుచేసెను. ఒక చేతికి మాత్రమే కాంతి సోకించినను రెండవ చేతి ఎముకలును గట్టిపడుట ఆయన గమనించెను. చర్మమున పుట్టినదేదో రక్తములో దేహమంతటను సంచరించుచున్నదనుటకు అంతకంటె స్పష్టమైన సాక్ష్యము అప్పటికి లేదు. చేపనూనెలో నున్నదియు కాంతివలన కలుగునదియు ఒకే ఫలితము నిచ్చుట కొంతకాలము విద్వాంసులను తికమక పెట్టెను. 1922లో అమెరికాలో మెకాలమ్ చేపనూనెను వేడిచేసి, గాలి పట్టించి, అందలి ఎ విటమినును నశింపజేసిన పిమ్మటను రికెట్స్‌ను మాన్పు గుణము మిగిలియుండుట చూచి, ఆ మిగిలినదానికి డి అని పేరిడెను. ఈ జాతి పదార్థముల నిర్మాణమును, విటమినులతో వాని సంబంధమును శోధించినందుకు గాటింగెన్ ఆచార్యుడు విండౌస్ 1928లో నోబెల్ బహుమానము నందెను.

తరువాతి యర్ధశతాబ్దమున తేలిన సంగతిని సంగ్రహముగా చెప్పుదును. మన చర్మములో కొలెస్ట్రాలునకు దగ్గరి చుట్టమైన పదార్థ మొకటి కలదు. సూర్యకాంతిలోని బి తరగతి అతినీలలోహిత కిరణములు తాకినపుడు అది డి విటమినుగా మారును. అది మొదట కాలేయములోను, పిమ్మట మూత్రపిండములలోను మార్పు చెంది, తుదకు హార్మోను రూపమున పేగులనుండి కాల్షియమును, ఫాస్ఫరసును రక్తములోనికి లాగును. రక్తపరీక్షాశాలవారు కొలుచునది కాలేయములో మారిన రూపమును. మిల్లీలీటరు రక్తద్రవమున 20 నానోగ్రాములున్న చాలునని అమెరికా వైద్యసంస్థ 2011 నివేదికయందు నిర్ణయించినది. అదే యేట ఆ దేశపు అంతఃస్రావగ్రంథి శాస్త్రజ్ఞుల సంఘము 30 ఉండవలెననినది. ఒకే కాగితమును చూచి ఒక వైద్యుడు భయమేమియు లేదనుటకును, మరియొకడు మందు వ్రాయుటకును ఈ భేదమే కారణమైనది.

కండలు సంకోచించుటకు కాల్షియము, శక్తికి ఫాస్ఫరసు ఆవశ్యకములు గనుక, డి విటమిను లోపించినచో కండలు క్షీణించుట వింత కాదు. పెద్దలలో ఎముకలు మెత్తబడు వ్యాధి ముదిరిన రోగిని చూచినవారికి ఇది పుస్తకములలో చదువనక్కరలేదు. ఆమె నేలమీద కూర్చున్నచో చేతులు మోకాళ్ళపై ఆనించి, ఒడలు ముందుకు వంచి, ఒకరి ఆసరాతో గాని లేవజాలదు. బస్సు మెట్టెక్కుటకు రెండు చేతులతోను కమ్మిని పట్టుకొనవలసి వచ్చును. నడకలో తుంటి అటునిటు ఊగుచుండును. రోగము తొడలలో, తుంటిలో, భుజములలో కూర్చుండును గాని వ్రేళ్ళలో కాదు. వైద్యము మొదలైన కొన్ని వారములు, నెలలు గడచునప్పటికి ఆమె నిరాధారముగ లేచి నిలుచును. ఈ దృశ్యమును చూచిన వైద్యునికి డి విటమిను బలప్రదాయిని యని తోచుట సహజము. కాని అచ్చట తిరిగి వచ్చినది రోగము హరించిన బలము. ఉన్న బలమునకు అదనము చేరలేదు. ఈ భేదమును మరువకుండుటయే నేటి నా ప్రసంగమున ముఖ్యము.

క్రీడారంగము ఈ భేదమును చాలకాలము మరచినది. 1938లో రష్యాలో కొద్దిమంది విద్యార్థులకు అతినీలలోహిత కాంతి పెట్టి, నూరు మీటర్ల పరుగు పరీక్షించిరి. కాంతి పొందినవారి కాలము సగటున 13.63 సెకండ్లనుండి 12.62కును, పొందనివారిది 13.51నుండి 13.28కును తగ్గెనని వారు ప్రకటించిరి. నూరు మీటర్లలో ఒక సెకను తగ్గుట సామాన్యము కాదు. జర్మనీలోను ఇట్టి దీపములను క్రీడాకారులపై ప్రయోగించిరి. అయితే దీపము ముందు నిలిచినవానికి తాను దీపము ముందు నిలిచితినని తెలియును గదా! ఆశపడి పరుగెత్తిన కాళ్ళకును, విటమిను వలన పరుగెత్తిన కాళ్ళకును గడియారము భేదము చూపదు. అందుచేత, ఎవరికి మందు, ఎవరికి మందులేని మాత్ర ఇచ్చిరో ఇచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని తెలియనీయక జరుపు పరీక్షలు వచ్చువరకు ఈ ప్రశ్న పరిష్కారమునకు నోచుకొనలేదు.

అట్టి పరీక్షలు ఈ శతాబ్దమున వచ్చినవి. లివర్‌పూల్ పరిశోధకులు 2013లో రెండు ప్రకటించిరి. మొదటిదానిలో వృత్తిక్రీడాకారులు కొద్దిమందికి దినమునకు 5,000 యూనిట్లు ఎనిమిది వారములు ఇయ్యగా పది మీటర్ల పరుగును, నిలువు గెంతును మెరుగుపడినవి. రెండవదానిలో ముప్పదిమంది క్లబ్బు క్రీడాకారులలో కొందరికి మందులేని మాత్రలును, తక్కినవారికి వారమునకు 20,000 గాని, 40,000 గాని యూనిట్లు పండ్రెండు వారములు ఇయ్యగా రక్తములోని మట్టము చక్కగా పెరిగినది గాని, బరువులెత్తుటలోను గెంతుటలోను భేదమేమియు కానరాలేదు. మొదటి ఫలితము వార్తలకు ఎక్కినంత వేగముగా రెండవది యెక్కకుండుట మానవస్వభావము.

వీనికంటె పెద్దది బ్రిటిషు సైన్యములో నూతనముగా చేరినవారిపై జరిపి, 2018లో ప్రకటించిన పరిశోధన. అందు రెండు భాగములు కలవు. మొదట 967 మంది స్త్రీపురుషుల రక్తమును పరీక్షించి, వారి పరుగును, బలమును కొలిచిరి. చలికాలమున పురుషులలో నూటికి తొమ్మండుగురికిని, స్త్రీలలో నూటికి 36 మందికిని మాత్రమే డి విటమిను చాలినంత ఉండెను. రక్తములో విటమిను ఎక్కువగా నున్నవారు రెండున్నర కిలోమీటర్లకు కొంచెము తక్కువైన పరుగును త్వరగా ముగించిరి. శాస్త్రజ్ఞులు లీటరు రక్తద్రవమునకు కొలుచు నానోమోలు లెక్కలో ఒక్కొక్కటి హెచ్చిన కొలది సుమారు అర సెకను తగ్గినది. ఇంతటితో ఆగియున్నచో మందుల కంపెనీలకు ఇంతకంటె మంచి ప్రకటన దొరకియుండదు. వారు ఆగలేదు. రెండవ భాగమున 137 మంది పురుషులను విడదీసి, కొందరికి చలికాలమున పొట్టి చొక్కాయు నిక్కరును తొడిగించి కృత్రిమసూర్యకాంతి పెట్టిరి; కొందరికి మొదటి నాలుగు వారములు దినమునకు 1,000 యూనిట్లు, తరువాతి ఎనిమిది వారములు 400 యూనిట్లు మాత్రలుగా ఇచ్చిరి; తక్కినవారికి ఉత్తుత్తి వైద్యము చేసిరి. కాంతి పొందినవారిలోను, మాత్రలు మ్రింగినవారిలోను ఇంచుమించు అందరికిని విటమిను చాలినంత యైనది. పరుగు మాత్రము మారలేదు. బరువెత్తు బలమును, గెంతును మారలేదు.

రెండు భాగములకును పొసగని దేమున్నది? ఏమియు లేదు. ఆరుబయట ఎక్కువ పరుగెత్తువానికి ఎండ ఎక్కువ తగులును. ఎక్కువ పరుగెత్తుటచేత వేగమును వచ్చును. వేగమును, విటమినును ఒకే అలవాటునకు పుట్టిన రెండు ఫలములు. ఒకటి రెండవదానికి తల్లి యని భ్రమించుట మన పొరపాటు. స్థూలకాయుల రక్తములో ఈ విటమిను తక్కువగా నుండుటయు, వారి పరుగు మందముగా నుండుటయు తోడైనచో భ్రమ ఇంకను బలపడును. పరిశీలనతో తృప్తిపడక ప్రయోగమునకు దిగినందువల్లనే ఈ ముడి వీడినది.

మన దేశమునుండి వచ్చిన సాక్ష్యమును ఇట్టిదే. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 2010లో, విటమిను లోపించిన నలువదిమంది ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. డి విటమినును, కాల్షియమును ఆరునెలలు పుచ్చుకొన్నవారికి పిడికిలి పట్టును, పిక్కబలమును, ఆరు నిమిషముల నడకలో సాగిన దూరమును పెరిగినవి. కండను కోయకుండ, అయస్కాంత యంత్రము సాయమున కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు కొలిచిరి; అందు చెప్పుకోదగిన మార్పు లేకుండెను. గాజుగొట్టములోని నీలిమనుబట్టి సుబ్బారావుగారు గుర్తించిన పదార్థమునే, ఎనుబది యేండ్ల పిమ్మట మన దేశస్థులు బ్రతికియున్న మనుష్యుని పిక్కలో చూచుచుండుట మనకు గర్వకారణము. అదే సంస్థవారు 2012లో 173 మంది యువతులపై, నాలుగు వర్గములుగా, మరింత కట్టుదిట్టముగా జరిపిన పరీక్ష ఫలితమును వెల్లడించిరి. విటమిను లోపము తీరినది. పిడికిలి పట్టు పెరుగలేదు. తమ మొదటి ఫలితమును తామే మరల పరీక్షకు పెట్టి, ప్రతికూలమైనను దాచక అచ్చువేసిన వారి నిజాయితీకి నమస్కరింపవలెను. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో తీవ్రలోపము గల పండ్రెండుగురికి చికిత్స చేయగా, శ్రమచే తరిగిన ఫాస్ఫోక్రియాటిన్ సగము మేర కోలుకొనుటకు పట్టు కాలము సుమారు 34 సెకండ్లనుండి 28కి తగ్గెను. అయితే పోల్చి చూచుటకు అచ్చట చికిత్స లేని వర్గము లేకపోయెను. తీవ్రముగా లోపించినవారికి కండలో మేలు జరుగుట సంభవమనియు, చాలినంత ఉన్నవారికి, కొంచెమే తక్కువైనవారికి అది బలముగా పరిణమింపదనియు ఈ సాక్ష్యములను కలిపి చూచిన తోచును. తడి చాలిన చేనికి ఇంకను నీరు పెట్టినచో పంట రెట్టింపు కాదు; ఒక్కొక్కప్పుడు వేళ్ళు కుళ్ళును.

అట్లని యువజనులకు ఈ విటమినుతో పనిలేదని నా యభిప్రాయము కాదు. అమెరికా నౌకాదళమున శిక్షణలో నున్న అయిదువేలమందికి పైబడిన యువతులలో కొందరికి దినమునకు 800 యూనిట్ల డి విటమినును, 2,000 మిల్లీగ్రాముల కాల్షియమును ఎనిమిది వారములు ఇయ్యగా, నిరంతరమగు కవాతు, పరుగుల వలన ఎముకలయందు కలుగు సన్నని పగుళ్ళు నూటికి ఇరువది పాళ్ళు తగ్గినవని 2008లో ప్రకటితమైనది. పగిలిన పిక్కయెముకతో మూలకూర్చున్నవాడు ఆరు వారములు పరుగెత్తజాలడు. డి విటమిను వేగమును పెంచదు గాని, వేగమును సాధించు దినములను కాపాడును. విటమినునకు క్రీడారంగమున గల నిజమైన గౌరవము ఇది.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. ఇంత ఎండ కాయు దేశమున ఈ లోపమేమని మీరడుగవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు చుట్టుపట్ల గ్రామముల వారిని, పట్టణవాసులను పరీక్షించి, ఉభయులలోను లోపము విస్తారముగా నున్నదనియు, పొలములో పనిచేయువారి మట్టము పట్టణవాసుల మట్టముకంటె మెరుగనియు చూపిరి. విటమిను పుట్టుటకు అచ్చటి ఎండ పగలు పదకొండు మొదలు రెండు గంటల వరకు మిక్కిలి అనుకూలమనియు వారు తేల్చిరి. ఆ వేళకు మనలో ఎవరు బయట నుందురు? చామనచాయ, నలుపు చర్మమునకు తెల్లచర్మముకంటె ఎక్కువసేపు ఎండ కావలెను. మనమో చేతులు కప్పుకొని, గొడుగు వేసుకొని, నీడ వెదకుకొని నడతుము.

పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు 1600 మీటర్ల పరుగు సాధన చేయు యువకులను కళాశాల మైదానములో తెల్లవారుజామున చూడుడు. చీకటి విడకముందే వచ్చి, బూట్లు బిగించి, చేతిగడియారము నొక్కి పరుగు మొదలిడుదురు. ఎండ ముదురునప్పటికి గదులకు చేరి, పగలంతయు కోచింగు కేంద్రములో పంకా క్రింద కూర్చుండి వ్రాతపరీక్షకు చదువుకొని, మరల ప్రొద్దు వాలిన పిదప మైదానమునకు వత్తురు. చూచువారికి వారు ఎండలో మాడుచున్నట్లుండును గాని, వారికి తగులు కిరణములలో విటమినును పుట్టించు పాలు స్వల్పము. ఆరుబయట శ్రమించు యువకునికిని లోపముండుటకు ఇట్లు కారణము కలదు.

అట్టి యువకుడు ఒక మిత్రుని మాట విని మందుల అంగడికి పోయి 60,000 యూనిట్ల పొట్లమును కొని పాలలో కలుపుకొని త్రాగును. లోపము గలవారికి వైద్యులు దానిని సాధారణముగా వారమున కొకటి చొప్పున, కొన్ని వారములకు మాత్రమే వ్రాయుదురు. దినమున కొకటి చొప్పున వాడి ఆపద తెచ్చుకొన్నవారు కలరు. ఈ విటమిను నీటిలో కరగి పోవునది కాదు, క్రొవ్వులో నిలువయుండును. మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి, దాహము, వాంతి, మలబద్ధము, అతిమూత్రము కలిగి, తుదకు మూత్రపిండములు చెడును. పెద్దమోతాదు మేలుచేయునను నమ్మకమునకు ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్ష యొకటి గుణపాఠము: వృద్ధస్త్రీలకు ఏడాదికొకసారి 5,00,000 యూనిట్లు ఇయ్యగా, వారు పడిపోవుటయు, ఎముకలు విరుగుటయు తగ్గుటకు మారుగ పెరిగినవని 2010లో తేలెను.

కావున యువమిత్రులకు నా మనవి యిది. పెద్దలకు దినమునకు 600 యూనిట్లు చాలునని మన వైద్యపరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. వైద్యుని పర్యవేక్షణ లేక దినమునకు 4,000 యూనిట్లను మించరాదు. తొడలలో నీరసము, మెట్లెక్కుటలో కష్టము, ఎముకలలో నొప్పి, మరల మరల పగుళ్ళు ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకొని, లోపమున్నచో వైద్యుడు చెప్పినంత కాలము, చెప్పినంత మోతాదు పుచ్చుకొనుడు. పాలు, పెరుగు, రాగిసంకటి మరువకుడు. కాల్షియము లేని విటమిను ఎముకను కట్టలేదు. కళాశాలల యాజమాన్యములకును ఒక మాట: వారమున కొన్ని దినములైనను మధ్యాహ్నభోజనమునకు ముందు పావుగంట విద్యార్థులను చేతులు కప్పుకొనకుండ బయట తిరుగనిచ్చిన చాలును. మండువేసవిలో మాత్రము వడదెబ్బ భయము గనుక ఆ పని వలదు. పరుగులో సెకండ్లు తగ్గవలెనన్న క్రమబద్ధమైన సాధన, నిద్ర, తిండి తప్ప మార్గాంతరము లేదు. ఆ సాధనకు ఎముకలు ఓర్చునట్లు చేయుట వరకే డి విటమిను చేయగలది.

పరిశోధనకు దిగనున్న విద్యార్థులకు తుదిమాట. మీ పరీక్షలో అనుకొన్న ఫలము రాకున్నచో దానిని బల్లసొరుగులో దాచకుడు. బలము పెరుగలేదని చెప్పిన సైనికుల పరీక్షయు, యువతుల పరీక్షయు అచ్చుకాకుండినచో, నేడు మనము మొదటి శుభవార్తలనే నమ్ముకొని డబ్బును ఆరోగ్యమును వ్యయపరచుచుండెడివారము.